కుట్టుకు వదిలిన గుడ్డ

పోయిన సోమవారం మధ్యాహ్నం నేను ఫీజుల కౌంటరు కిటికీ మూయబోతుంటే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కట. చొక్కా జేబు మీద గ్రీజు మరక, చంకలో హెల్మెట్. వచ్చింది ఫీజు కట్టడానికి కాదు. “మేడమ్, మీరు లెక్క మంచిగ ఏస్తరని క్లాసు టీచరమ్మ చెప్పింది. మా బిడ్డ పైలట్ అయితనంటుంది. బ్యాంకు లోన్ల జోలికి పోదల్చుకోలే. నెలకింత అని కట్టుకుంట పోతే ఎన్నేండ్లకు ఒడుస్తదో జెర రాసియ్యుండ్రి,” అన్నాడు. అలవాటు కొద్దీ ఒక తెల్ల కాగితం లాక్కుని నిలువుగా మూడు గీతలు గీశాను. నెల, జమ, గంటలు అని పైన రాశాను కూడా. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఆ లెక్క రాక కాదు. ఆ లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. “శనివారం రండి, చూసి పెడతాను,” అన్నాను. ఆయన రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగినవాడిలా తల ఊపి, ఎందుకో రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

నేను చదివింది పదో తరగతి. లెక్క ఎవరూ నేర్పలేదు. ఈ స్కూల్లో ఆయాగా చేరిన కొత్తలో ఆఫీసు గది ఊడుస్తూ, పాత క్యాషు పుస్తకాలు చిత్తు కింద అమ్మేసే ముందు ఇంటికి తెచ్చుకుని, ఒక్కొక్క పేజీ కూడి, కింద రాసిన మొత్తంతో సరిపోయిందో లేదో చూసుకునేదాన్ని. ఒకసారి మూడు రూపాయల తప్పు పట్టాను. అది ఎనిమిదేళ్ల కిందటి తప్పు, దాంతో ఎవరికీ పని లేదు, అయినా ఆ రోజు నాకు బిర్యానీ తిన్నంత సంతోషం. తరవాత గుమస్తా పదవీ విరమణ చేసినప్పుడు నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. పద్మారావు నగర్‌లో మా వీధివాళ్లు ఇప్పటికీ ఇంటి లోను కాగితాలు, ఇన్సూరెన్సు కాగితాలు నా దగ్గరికే తెస్తారు. నాకు ఒకటే నియమం: అప్పు వద్దు. మా నాన్న రైల్వే గోదాములో మూటలు మోసేవాడు. అమ్మ ఆస్పత్రి కోసం తీసుకున్న ఆరు వందలకు ఆయన కట్టిన వడ్డీ నేను పెద్దయ్యాక కూడి చూశాను. ఎంతో చెప్పను. ఆ కూడిక చేసిన రోజున పెట్టుకున్న నియమం అది. పెళ్లి చేసుకోలేదు కాబట్టి దాన్ని తప్పించేవాళ్లు కూడా ఇంట్లో లేకపోయారు.

ఇల్లంటే రెండు గదులు, పైన రేకుల షెడ్డు, ఆ పైన ఆకాశం. ఒక గదిలో నేను, ఇంకో గదిలో మా చెల్లెలు, మరిది, వాళ్ల ఒక్కగానొక్క కూతురు. షెడ్డులో మరిది కుట్టు మిషన్లు. ఆయన యూనిఫారాలు కుడతాడు. స్కూలు పిల్లలవి, సెక్యూరిటీ గార్డులవి, మా చర్చి క్వయర్ వాళ్ల అంగీలు, ఒక కాంట్రాక్టరు ద్వారా విమానాల కంపెనీవాళ్ల తెల్ల చొక్కాలు. ఆ చొక్కాలకు భుజాల మీద పట్టీలు ఉంటాయి. మూడు చారలుంటే ఒక హోదా, నాలుగుంటే ఇంకో హోదా. పిల్ల బడి నుంచి వచ్చి గుండీలు కుట్టేది. ఎనిమిదో తరగతిలో ఉండగా నాలుగు చారల చొక్కా ఒకటి తొడుక్కుని, మోకాళ్ల దాకా వేలాడుతుంటే అద్దం ముందు నిలబడింది. మా చెల్లెలు, “ఇడువే, మురికైతే కాంట్రాక్టరు పైసలు కోస్తడు,” అంది. పిల్ల విడిచింది, మడత పెట్టింది, ఇస్త్రీ కూడా చేసింది. కానీ అప్పటి నుంచి బేగంపేట వైపు ఏ చిన్న విమానం చప్పుడు వినపడినా మెట్లెక్కి డాబా మీదికి పరిగెత్తేది.

ఇంటర్ అయ్యాక అసలు మాట బయటపెట్టింది. పెద్ద అకాడమీల కాగితాలు తెప్పించాం. ఒక్కసారిగా కట్టే మొత్తాలు చూసి మరిది ఆ కాగితాలను చొక్కా కాలర్లో పెట్టే అట్టకు కొలత గీసుకోవడానికి వాడుకున్నాడు. బ్యాంకులో ఇల్లు తాకట్టు అడిగారు. మా ఇల్లు మాది కాదు. అప్పుడు నేను వారం రోజులు తిరిగి, ఫోన్లు చేసి, పక్క రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఫ్లయింగ్ క్లబ్బు ఉందని కనుక్కున్నాను. రెండు చిన్న విమానాలు, ఒక పాత షెడ్డు, ఇద్దరు శిక్షకులు. అక్కడ ఎన్ని గంటలు ఎగిరితే అన్ని గంటలకే డబ్బు. లైసెన్సుకు రెండు వందల గంటలు కావాలి. రాత పరీక్షలు ముందు పాసైతే, మా పిల్ల రాసిన రోజుల్లో వాటికి అయిదేళ్ల గడువు. ఆ అయిదేళ్లలో గంటలు, పరీక్షలు అన్నీ ముగించి దరఖాస్తు పెట్టాలి. లేకపోతే రాతలు మళ్లీ మొదటికి వస్తాయి.

నాకు కావలసింది అంతే. గంటకు పదివేల అయిదు వందలు. రెండు వందల గంటలకు ఇరవై ఒక్క లక్షలు. గది అద్దె, రైలు, డాక్టరు పరీక్షలు అన్నీ కలిపి ఇంకో రెండు లక్షల నలభై వేలు. పిల్ల శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులిచ్చే కౌంటరు ఉద్యోగంలో చేరింది. డిగ్రీ దూరవిద్యలో పెట్టి, ఒకపక్క రాత పరీక్షలకు చదువుతూ, రెండేళ్లకు అవి పాసయ్యేలోపు మా అందరిదీ కలిపి నాలుగు లక్షలు దాచాం. మిగిలిన దానికి నెలకు నలభై వేలు: పిల్ల ఇరవై, నేను పన్నెండు, మరిది ఎనిమిది. నలభై తొమ్మిది నెలలు. గడువు అరవై నెలలు. అంటే పదకొండు నెలలు మిగులు. ఒక్క రూపాయి అప్పు లేదు. ఆ కాగితాన్ని మరిది మిషను మీద పరిచి చూపించినప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇదంతా రాస్తున్నాను. మరిది టేపు మెడలో వేసుకుని వంగి చూశాడు. ఆయనకు అంకెలు అంతగా తెలియవు, చివరి వరుస మీద మాత్రం వేలు పెట్టాడు.

“ఈ పదకొండు నెలలు ఏందొదినె?”

“అవి మిగులు. ఏమన్న అటిటు అయితే ఉంటయని.”

“మంచిదే. మేము సుత కుట్టుకు ఇంచు గుడ్డ లోపటికి ఇడుస్తం. కని ఒక్క మాట. ఇడిసినంక దాన్ని మళ్ల కత్తెర ముట్టొద్దు.”

ఆయన మామూలుగా ఆ రోజు మాట్లాడిన అన్ని మాటల్లో అది ఒకటి. నేను సరే అని కాగితం మడత పెట్టుకున్నాను.

మొదటి విడత ముప్పై గంటలు. పిల్ల వెళ్లే ముందు నేను ఒక అట్టముక్క మీద చక్కటి పట్టిక రాసిచ్చాను. విమానం గంటలను వాళ్లు పది భాగాలు చేసి లెక్కిస్తారు. ఒక భాగం ఆరు నిమిషాలు. ఆరు నిమిషాలకు వెయ్యిన్ని యాభై, పన్నెండు నిమిషాలకు రెండు వేల నూరు, అలా అరవై దాకా. దాన్ని ఆమె ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం లోపలి అట్టకు అంటించాను. ఊరికే ఎగరొద్దు, ఎగిరే ప్రతి నిమిషం ఖరీదు తెలియాలి అన్నాను. పిల్ల నవ్వి, “ఆటో మీటర్ లెక్కనే ఉంది పెద్దమ్మా,” అంది. మేమంతా నవ్వాం. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన రోజున ఫోన్ చేసింది. “పెద్దమ్మా, పక్క సీటు ఖాళీ ఉంటే విమానం ఎంత తేలికగుంటదో ఎరికేనా? ఉరికినట్టు లేసింది.” నేను ఎన్ని నిమిషాలు అని అడిగాను. పద్దెనిమిది. మూడువేల నూట యాభై, అన్నాను. “అవు పెద్దమ్మా, గంతే,” అంది.

ఆ తరవాత మూడేళ్లు ఒకే పద్ధతిలో నడిచాయి. డబ్బు పోగయితే సెలవు పెట్టి, సికింద్రాబాద్‌లో రాత్రి బండి ఎక్కి, పది గంటలు ఎగిరి రావడం. ఒక్కోసారి మబ్బు వల్ల ఆరే ఎగిరి రావడం. విడతకూ విడతకూ మధ్య రెండు మూడు నెలలు గడిచేసరికి చెయ్యి మొద్దుబారేది. శిక్షకుడు పక్కన కూర్చుని మళ్లీ సరిచూస్తేగాని ఒంటరిగా వదిలేవాడు కాదు. బీమా కంతులు కట్టినట్టు ఎగరడం నేర్చుకునే పిల్లను తన నౌకరీలో చూడలేదని ఆయన అన్నాడట. చర్చిలో మాత్రం మా పిల్లకు పేరు ముందే వచ్చేసింది. ప్రతి ఆదివారం స్త్రీల కూడికలో ‘ఆకాశమార్గంలో ఉన్న మన బిడ్డ’ కోసం ప్రార్థన. అప్పుడు బిడ్డ కౌంటర్లో కూర్చుని ఎవరి సూట్‌కేసో రెండు కిలోలు ఎక్కువ తూగిందని తిట్లు తింటూ ఉండేది. ఇంకా ఒడవలేదా అని అడిగేవాళ్లకు నేను అంకె చెప్పేదాన్ని: తొంభై ఆరు, నూట పద్దెనిమిది, నూట ముప్పై. వాళ్లకు అది జ్వరం చెప్పినట్టుండేది కాబోలు, అయ్యో అనేవాళ్లు.

మూడేళ్లు పూర్తయ్యేసరికి నూట యాభై రెండు గంటలు. నా కాగితంలో రాసినంతే. అక్కడ రెండు సంగతులు జరిగాయి. క్లబ్బువాళ్లు రేటు పన్నెండు వేల అయిదు వందలకు పెంచారు. ప్రధాన శిక్షకుడు, మిగిలిన నలభై ఎనిమిది గంటలు పది పది చొప్పున వద్దు, మొత్తం ఒకే దమ్ములో రెండున్నర నెలల్లో ముగించి, వేడి మీదే పరీక్షకు పంపిద్దామన్నాడు. నలభై ఎనిమిది గంటలంటే సరిగ్గా ఆరు లక్షలు. ఒకేసారి కావాలి. దానికి నాకు తోచిన దారి చీటీ. మా వీధి చివర రిటైరైన నర్సమ్మగారు నడిపేది. ఇరవై మంది, నెలకు ముప్పై వేలు, ఇరవై నెలలు. నెలనెలా ఆరు లక్షలు పోగవుతాయి. అవసరమున్నవాళ్లు ఎంత తగ్గించుకుని తీసుకుంటారో పాట పాడతారు. ఎక్కువ తగ్గించుకున్నవాళ్లకు ఆ నెల చీటీ. ఆ తగ్గింపు మిగతావాళ్లకు పంచుతారు. ఎత్తకుండా చివరి దాకా ఆగినవాళ్లకు ఆరు లక్షలూ వస్తాయి. నేను జనవరిలో చేరాను. పదకొండో నెలలో, అంటే నవంబరులో ఎత్తుతానని పిల్లకు చెప్పాను. చలికాలం, ఆకాశం తేటగా ఉంటుంది, రాతల గడువుకు ఇంకా పదమూడు నెలలు ఉంటుంది. రెండున్నర నెలల సెలవు ఇవ్వలేమని కంపెనీ చెప్పడంతో, నా మాట నమ్ముకుని పిల్ల అక్టోబరు ఆఖరున ఉద్యోగం మానేసింది.

ఇక్కడ కోత పండుగ సంగతి చెప్పాలి. మా చర్చిలో ఆ రోజు అందరూ తెచ్చిన కూరగాయలు, కోళ్లు, కేకులు వేలం వేస్తారు. అక్కడ ఎంత ఎక్కువ పాడితే అంత ఘనత. మా మరిది ఏడాదంతా దారం ముక్కలు కూడా డబ్బాలో దాచుకునేవాడు, ఆ ఒక్కరోజు మాత్రం మనిషి మారిపోతాడు. ఆ ఏడు ఒక గుమ్మడికాయను పదకొండు వందలకు పాడి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. బజారులో అరవై రూపాయలు పెడితే వస్తుందని దారి పొడుగునా నేను గొణిగాను. “దేవుని తాన సుత బేరమేందొదినె,” అన్నాడు. వారం రోజులు గుమ్మడికాయ పులుసు తిన్నాం. నాకు ప్రతి ముద్దలోనూ వెయ్యిన్ని నలభై రూపాయల నష్టం తగిలింది.

ఆ వారంలోనే పదకొండో పాట. నర్సమ్మగారి ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, ట్రేలో టీ గ్లాసులు, గోడకు పాత ఆస్పత్రి గడియారం. ఆమెది కాకినాడ వైపు. “కానివ్వండమ్మా, టీ చల్లారిపోతోంది, ఎవరు పాడతారు?” అంది. మెస్ నడిపే ఆయన ఒకడు యాభై వేల తగ్గింపుతో మొదలుపెట్టాడు. నేను యాభై అయిదు అన్నాను. ఆయన అరవై. నేను అరవై అయిదు. ఆయన నా వైపు ఒకసారి చూసి డెబ్బై నాలుగు అన్నాడు. గదిలో నవ్వారు. డెబ్బై అయిదు అంటే చీటీ నాది. చేతికి అయిదు లక్షల పాతికవేలు వస్తుంది. విడిగా దాచిన లక్షా పదివేలలో డెబ్బై అయిదు కలిపితే ఆరు లక్షలూ నిండుతాయి. ఇంకా ముప్పై అయిదు వేలు గది అద్దెకు మిగులుతుంది. అంతా నా తలలో ఉంది. కానీ దాని పక్కనే ఇంకో అంకె కూడా ఉంది. డెబ్బై అయిదు వేలంటే సరిగ్గా ఆరు గంటల ఎగురుడు. ఆ డబ్బును, ఏమీ ఎగరకుండానే, ఈ కుర్చీల్లో కూర్చున్న పంతొమ్మిది మందికి పంచిపెట్టాలి. పైగా ఎత్తిన చీటీ అంటే ఏమిటి? మిగిలిన తొమ్మిది నెలలూ కట్టవలసిన అప్పే కదా. “డెబ్బై నాలుగు... ఒకటోసారి. పాడతారా, ఆయనకే ఇచ్చెయ్యమంటారా?” అని నర్సమ్మగారు నా మొహంలోకి చూసింది. నేను టీ గ్లాసు తీసుకున్నాను. నా దగ్గర పదకొండు నెలల మిగులు ఉందని, అది వాడుకోవడానికే కదా దాచింది అని అనుకున్నట్టు గుర్తు.

ఇంటికొచ్చేసరికి పిల్ల సంచి సర్ది గడప దగ్గర పెట్టింది. వచ్చే నెలకు తగ్గింపు అరవై అయిదుకు దిగుతుంది, తొందరేముంది అన్నాను. పిల్ల చాలా మెల్లగా అడిగింది.

“డాడీ గుమ్మడికాయ కోసం నష్టానికి పాడిండు. నువ్వు నా కోసం పాడలేవా పెద్దమ్మా?”

“అది దేవుని పని. ఇది లెక్క.”

“నేను నౌకరీ ఇడిసిన కదా.”

“ఒక్క నెల. చూస్కుంట కూసో.”

మా చెల్లెలు వంటింట్లోంచి, “అక్క చెప్తే ఉట్టిగ చెప్పదు తియ్యి,” అంది. మరిది మిషను ఆపి నా వైపు చూశాడు, మళ్లీ తొక్కాడు. ఆ ఇంట్లో అంకెల మీద నాకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఆ అలవాటు నేనే చేశాను.

డిసెంబరులో తగ్గింపు అరవై అయిదుకు దిగింది. నా మాట నిజమైంది, అందుకే ఇంకో నెల ఆగాలనిపించింది. జనవరిలో అరవై. ఫిబ్రవరిలో యాభై రెండు. దిగుతున్న ప్రతి అంకె నాకు బహుమానంలా కనిపించింది. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. పిల్ల షెడ్డులో తండ్రి పక్కన కూర్చుని మళ్లీ గుండీలు కుట్టడం షురూ చేసింది, ఆ తెల్ల చొక్కాలకే, ఆ చారల పట్టీలకే. సంచి మాత్రం మంచం కిందికి పోయింది. ఆగస్టులో, ఇరవయ్యో నెలలో, నేను ఆరు లక్షలూ పూర్తిగా తీసుకున్నాను. ఆ చీటీలో చివరి పైసా దాకా రాబట్టుకున్నది నేనొక్కదాన్నే అని నర్సమ్మగారు మెచ్చుకుంది.

క్లబ్బుకు ఫోన్ చేస్తే రేటు పద్నాలుగు వేలు అన్నారు. నలభై ఎనిమిది గంటలకు ఆరు లక్షల డెబ్బై రెండు వేలు. విడిగా దాచింది ఈ తొమ్మిది నెలల్లో పిల్ల వాటా రాక కంతుల్లోకే కరిగిపోయింది. తక్కువైన దానికి నా గొలుసు అమ్మాను. తాకట్టు పెట్టలేదు, తాకట్టంటే అప్పు. చీటీలో మిగిల్చింది డెబ్బై అయిదు వేలు, రేటు పెరిగి పోయింది డెబ్బై రెండు వేలు. ఇంకా మూడు వేలు లాభంలోనే ఉన్నాం అని పైకి అన్నాను కూడా. పిల్ల పోగొట్టుకున్న తొమ్మిది నెలల జీతం అది వేరే పద్దు అనుకున్నాను, కాబట్టి కలపలేదు.

గడువుకు నాలుగు నెలలు. నలభై ఎనిమిది గంటలకు అది చాలా ఎక్కువ, కాగితం మీద. ఆగస్టు, సెప్టెంబరు వాన. రెండు విమానాల్లో ఒకటి ఇంజను సామాను కోసం షెడ్డులో ఉంది. అయినా అక్టోబరు మొదటికి పంతొమ్మిది గంటలు ఎగిరింది. అప్పుడు ఒక పొద్దున, దిగేటప్పుడు ఎత్తు సరిగ్గా రాలేదట. అలాంటప్పుడు దించకూడదు, మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావాలి. అది తొలి రోజుల్లోనే నేర్పే పాఠం. మా పిల్ల తిరగలేదు, దించింది. విమానం గట్టిగా నేలను కొట్టింది. పిల్లకేమీ కాలేదు, చక్రం దగ్గర ఏదో వంగింది. ఉన్న ఒక్క విమానం మూడు వారాలు ఆగింది. శిక్షకుడు ఎందుకు తిరగలేదని అరిస్తే ఏమీ చెప్పలేదట. ఆ తరవాత దొరికిన రోజుల్లో, ఎగిరిన గంటలన్నీ కలిపి, ముప్పై ఏడు. గడువు తీరిన రోజున పదకొండు గంటలు మిగిలాయి.

పిల్ల రైలు దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తింది. రాతలు మళ్లీ రాయొచ్చు, పాసైతే మళ్లీ అయిదేళ్లు అని నేను కొత్త కాగితం తీశాను. నిజంగానే తీశాను. అప్పుడు చెప్పింది, ఆ రోజు ఎందుకు తిరగలేదో.

“సరిగ్గ రాలేదని నాకు ఎరికే పెద్దమ్మా. చెయ్యి సుత లేపుతున్న. గప్పుడే నీ అట్ట యాదికొచ్చింది. ఇంకో చుట్టు అంటే ఆరు నిమిషాలు. పద్నాలుగు వందలు. నీ గొంతే ఇనొచ్చింది. ఒక్క సెకను గంతే. గంతల్నే దిగింది.” కంచంలో చెయ్యి కడుక్కుని లేచింది. “ఇంగ నేను ఎక్కను. మనుషులను కూసోబెట్టుకోని గిట్ల లెక్క చూసుకుంటే ఎట్లయితది?” తలుపు దాకా వెళ్లి, ఎప్పుడూ అననంత మర్యాదగా అంది. “మూడు వేలు మిగిల్చినవ్ కదా పెద్దమ్మా. ఏం కొనుక్కుందాం?”

మరిది ఆమె లైసెన్సు రోజుకని మూడేళ్ల ముందే కొనిపెట్టిన తెల్ల గుడ్డ తరవాత ఎవరిదో షేర్వాణీకి లైనింగ్‌గా వెళ్లిపోయింది. కోపంగా కాదు. గుడ్డ ఊరికే ఉంచడం ఆయనకు చేతకాదు, అంతే. చర్చిలో మాత్రం ప్రార్థన ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియక ఇంకో రెండు నెలలు నడిచింది.

పిల్ల ఇప్పుడు బేగంపేటలో ఒక కోచింగ్ సెంటర్లో పైలట్ పరీక్షలకు పాఠాలు చెబుతుంది. దారి లెక్కలు, గాలి లెక్కలు. బాగా చెబుతుందట. దాని దగ్గర చదివినవాళ్లు నాలుగు చారల దారిలో పడి, మిఠాయి డబ్బాలు తెస్తారు. ఆ డబ్బాలు మా ఇంటికి వస్తాయి. పెద్దమ్మా, తిను, అని నా ముందు పెడుతుంది. ఎగరని పదకొండు గంటల డబ్బు, లక్షా యాభై నాలుగు వేలు, క్లబ్బువాళ్లు తిరిగి పంపారు. తీసుకోమంటే పిల్ల, “నీ తాన్నే ఉండనీ, నువ్వు మంచిగ దాస్తవు,” అంది. బ్యాంకులో నా పేరున డిపాజిట్ చేశాను.

మొన్న శనివారం లిఫ్టు మెకానిక్ చెప్పిన వేళకే వచ్చాడు. కాగితం రాసి ఉంచాను. నెల, జమ, గంటలు, గడువు, మిగులు. రేటు ఏటా పెరిగేట్టు కూడా రాశాను. కింద రెండు మాటలు రాశాను: మిగులు నెలల్ని డబ్బు కోసం వాడొద్దు. చీటీ వేస్తే, కావలసిన నెలలో ఎంత నష్టమైనా ఎత్తండి. ఆయన పైనుంచి కిందికి వేలు పెట్టి చదివి, చివరి వాక్యం దగ్గర నవ్వాడు. “నష్టానికి ఎవలన్న ఎత్తుతరా మేడమ్? నేను జెర ఆగెటోన్ని.” తల పైకెత్తితే నా మొహం ఎలా ఉందో, నవ్వు ఆపేసి కాగితం జాగ్రత్తగా మడిచి హెల్మెట్ లోపల పెట్టుకున్నాడు. కూతురికి ఆరు నిమిషాల పట్టిక ఏదీ రాసివ్వొద్దని ఆయనకు చెప్పాలనుకున్నాను. దాన్ని ఎలా చెప్పాలో తెలియలేదు. అలాంటిది ఒకటి ఉంటుందని ఆయనకు తెలియకపోవడమే మంచిదనిపించింది.

సాయంత్రం బ్యాంకులో డిపాజిట్ తిరగరాయించుకుని వచ్చాను. వడ్డీతో కలిపి లక్షా డెబ్బై వేలయింది. ఇంటికొచ్చి, అడగకూడదనుకుంటూనే, క్లబ్బుకు ఫోన్ చేసి రేటు అడిగాను. గంటకు పదిహేడు వేలట. భాగహారానికి కాగితం కూడా అక్కర్లేదు. ఒక్క రూపాయి ముట్టుకోకుండా పదకొండు గంటలు దాచిపెడితే, ఇప్పుడు పది ఉన్నాయి.